కరోనా పోయాక మా ఐసీయూలో మిగిలినవి

మా ఐసీయూ స్టోర్‌రూమ్‌లో ఓ మూల అక్రిలిక్ పెట్టెలు కొన్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. గాజు పెట్టెల్లా కనిపిస్తాయి. ఒకవైపు చేతులు దూర్చడానికి రెండు గుండ్రటి కన్నాలు, ఎదురువైపు పూర్తిగా ఖాళీ. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు సామాను కోసం వెళ్లి వాటిని చూసి, "ఇవేంటక్కా, దేనికి?" అని అడుగుతారు. కరోనా మొదటి వేవ్ నాటికి వాళ్లింకా చదువుకుంటున్నారు. చెబుదామని మొదలుపెడితే ప్రతిసారీ కథ పెద్దదైపోతోంది, షిఫ్ట్ మధ్యలో అంత తీరిక ఉండదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను నర్సుని, పరిశోధకురాలిని కాను. చేత్తో పట్టుకుని వాడినవి, వాటి గురించి తర్వాత కుదురుగా చదువుకున్నవి మాత్రమే చెబుతాను.

ఆ పెట్టెని ఏరోసాల్ బాక్స్ అనేవాళ్లం. 2020 మార్చిలో తైవాన్‌లో లై షియెన్ యుంగ్ అనే మత్తు డాక్టరు దాన్ని తయారుచేసి, కొలతలన్నీ అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. గొంతులో ట్యూబు వేసేటప్పుడు పేషెంటుకి దగ్గు వచ్చిందంటే తుంపరలన్నీ డాక్టరు మొహం మీదికే వస్తాయి. తలమీద ఈ పెట్టె బోర్లించి, కన్నాల్లోంచి చేతులు పెట్టి పని చేస్తే తుంపరలు లోపలే ఆగిపోతాయని ఆలోచన. వినగానే బాగుందనిపిస్తుంది కదా. కొద్ది వారాల్లోనే ఎక్కడెక్కడి ఆసుపత్రులో చేయించుకున్నాయి. అప్పుడు మాస్కులకే దిక్కులేదు, ఎవరేం ఇచ్చినా దండం పెట్టి తీసుకున్నాం.

వాడితే గానీ తెలియలేదు. డాక్టరు మోచేతులు కన్నాల దగ్గరే ఆగిపోతాయి. ట్యూబు సరిగ్గా దిగక కాస్త పక్కకి వంగి చూద్దామంటే కుదరదు. పక్కన నిలబడ్డ నేను సక్షన్ పైపు ఎటునుంచి అందించాలో తెలీదు. గ్లవ్ అంచు కన్నానికి తగులుకుని మణికట్టు దాకా జారిపోయేది. ఈలోగా మానిటర్ మీద శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 80ల్లోకి దిగిపోతుంటే ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుసు. ఆస్ట్రేలియాలో డాక్టర్లు బొమ్మల మీద పరీక్షించి చూశారు. పెట్టె ఉంటే ట్యూబు వేయడానికి ఎక్కువ సమయం పట్టింది, కొన్నిసార్లు ఒంటిమీద రక్షణ దుస్తులే చిరిగాయి. కాపాడాల్సిన పెట్టే కవచాన్ని చింపిందన్నమాట. 2020 ఆగస్టులో, మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, లోపలి గాలిని లాగేసే ఏర్పాటు లేని ఇలాంటి పెట్టెలకి ఇచ్చిన అత్యవసర అనుమతిని వెనక్కి తీసుకుంది. మేము అంతకుముందే వాటిని మూలన పెట్టేశాం.

ఆ రోజుల్లో ఇలాంటివి చాలా వచ్చాయి. ఒకే వెంటిలేటర్‌కి గొట్టాలు చీల్చి ఇద్దరు పేషెంట్లని పెట్టడం ఒకటి. ఇద్దరి ఊపిరితిత్తులూ ఒకేలా ఉండవు. ఒకరికి సరిపోయే ఒత్తిడి ఇంకొకరికి ఎక్కువవుతుంది, ఒకరు దగ్గితే ఇంకొకరికి గాలి తగ్గుతుంది. అమెరికాలో ఆరు వృత్తి సంఘాలు, వాటిలో ఐసీయూ నర్సుల సంఘం కూడా ఉంది, కలిసి ఆ మార్చిలోనే అలా చేయొద్దని ప్రకటన ఇచ్చాయి. తర్వాత తాత్కాలిక ఆసుపత్రులు. లండన్‌లో ఎక్సెల్ ఎగ్జిబిషన్ హాల్‌ని వేల మంచాలు పట్టే నైటింగేల్ ఆసుపత్రిగా మార్చి 2020 ఏప్రిల్ 3న ప్రారంభించారు. మొదటి వేవ్ మొత్తమ్మీద అక్కడ వైద్యం అందినవాళ్లు 54 మంది. మంచాలు వేయడానికి రోజులు చాలు, ఐసీయూ నర్సుని తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. ఈ మాట ఏ వార్డు సిస్టర్‌ని అడిగినా ముందే చెప్పేది. అడగలేదు, అది వేరే సంగతి.

ఇవన్నీ పనికిమాలినవాళ్లు చేశారని అనను. మంచి మనసుతో, నిద్రలేకుండా చేశారు. కానీ ఇన్నేళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఒకటి బాగా కనిపిస్తోంది. ఆ కంగారులో కొత్తగా పుట్టినవాటిలో చాలా వరకు స్టోర్‌రూమ్‌కి చేరాయి. ఇప్పటికీ రోజూ వాడుతున్నవి మాత్రం దాదాపు అన్నీ కరోనాకి ముందే ఉన్నవి. ఎక్కడో పత్రికల్లో, ఎవరో ఒకరిద్దరి పట్టుదలలో, ఏదో నిబంధన వెనకాల ఇరుక్కుని ఉన్నవి. మహమ్మారి వచ్చి ఆ తలుపులు తన్ని తెరిచింది.

అందులో మొదటిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, పేషెంటుని బోర్లా పడుకోబెట్టడం.

వెల్లకిలా పడుకున్నప్పుడు గుండె, పొట్ట బరువంతా ఊపిరితిత్తుల వీపు భాగం మీద పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు గానీ, ఊపిరితిత్తులు వాచి నీరు పట్టినప్పుడు ఆ వెనక భాగంలోని గాలి గదులు మూసుకుపోతాయి. రక్తం మాత్రం అటే ఎక్కువ పారుతుంది. అంటే అంత రక్తమూ ఆక్సిజన్ తీసుకోకుండానే ఉత్తచేతులతో తిరిగి వెళ్తుంది. మనిషిని బోర్లా తిప్పితే ఆ గదులు మళ్లీ తెరుచుకుంటాయి. ఈ సంగతి 1970ల నుంచే వైద్య పత్రికల్లో ఉంది. 2013లో వచ్చిన ప్రోసేవా పరిశోధన, ఎక్కువ భాగం ఫ్రాన్స్ ఐసీయూల్లో చేసింది, ఇక సందేహం లేకుండా తేల్చింది: ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లని విడతకి కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే, 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. సగానికి సగం! మందు కాదు, మిషను కాదు. అయినా 2016లో 50 దేశాల ఐసీయూల్లో లెక్క చూస్తే, అత్యంత తీవ్రమైన కేసుల్లో కూడా ఇలా తిప్పింది దాదాపు 16 శాతం మందినే.

ఎందుకంటే కష్టం కాబట్టి. తిప్పడం అంటే ఏంటో ఒకసారి చెబుతాను. ముందు గొట్టం ద్వారా వెళ్లే ఆహారం ఆపి, కడుపులో ఉన్నది లాగేయాలి. కళ్లలో ఆయింట్‌మెంట్ వేసి రెప్పలు మూసి ప్లాస్టర్ అంటించాలి, లేకపోతే కంటి పైపొర గీసుకుపోతుంది. ఛాతీ మీది ఈసీజీ లీడ్లు తీసేయాలి. ప్రతి లైనూ, ప్రతి గొట్టమూ ఎటు వెళ్తోందో వేలితో తడిమి చూసుకోవాలి. కింద ఒక దుప్పటి, పైన ఒక దుప్పటి పెట్టి, రెండింటి అంచులూ కలిపి చాప చుట్టినట్టు బిగుతుగా చుడతాం. తల దగ్గర నిలబడ్డ మనిషి రెండు చేతులతో ట్యూబుని, తలని పట్టుకుంటారు. లెక్క పెట్టేది కూడా వాళ్లే, ఇంకెవరూ నోరు తెరవకూడదు. ఒకటి అంటే మంచం ఒక అంచుకి జరపడం, రెండు అంటే పక్కకి నిలబెట్టడం, మూడు అంటే బోర్లా. వెంటనే లీడ్లు వీపు మీద పెట్టి, ట్యూబు జారలేదని చూసుకుని, అప్పుడు అందరం ఊపిరి పీల్చుకుంటాం. ఒక చెయ్యి పైకి, మొహం ఆ వైపుకి, ఇంకో చెయ్యి కిందికి, ఈత కొడుతున్న మనిషిలా ఉంటుంది. కొన్ని గంటలకోసారి తల, చేతులు మార్చాలి. గడ్డం, చెంప, మోకాళ్ల దగ్గర చర్మం ఎర్రబడుతోందా అని చూడాలి. మొహం బాగా వాస్తుంది. వీడియో కాల్‌లో చూపించే ముందు ఇంట్లోవాళ్లకి ఆ మాట చెప్పకపోతే గుండె ఆగినంత పనవుతుంది వాళ్లకి.

కరోనాకి ముందు మా దగ్గర ఎప్పుడో ఒకసారి జరిగే ఈ పని, ఆ తర్వాత ప్రతి షిఫ్ట్‌లోనూ జరిగింది. చెయ్యి తిరిగింది. ఇప్పుడు ఫ్లూ న్యుమోనియా వచ్చినా, ఇంకేదైనా ఇన్‌ఫెక్షన్‌తో ఊపిరితిత్తులు పాడైనా రౌండ్స్‌లో "ఎప్పుడు తిప్పుతున్నారు?" అని అడుగుతారు. "తిప్పాలా?" అని ఎవరూ అడగరు.

మెలకువగా ఉన్నవాళ్లని బోర్లా పడుకోమనడం ఇంకో ముచ్చట. ముక్కు దగ్గర వేగంగా ఆక్సిజన్ ఇస్తూ, ట్యూబు దాకా వెళ్లకుండా ఆపాలనే ప్రయత్నం. ఓ పెద్దాయన ఉండేవారు, పది నిమిషాలకోసారి "నడుం పట్టేసింది తల్లీ, ఇంక తిరుగుతాను" అని గొణిగేవారు. నేను మానిటర్ ఆయనవైపు తిప్పి, "చూడండి బాబాయ్ గారూ, ఇందాక 88 ఉంది, ఇప్పుడు 93. ఇంకో అరగంట ఓపిక పట్టండి" అనేదాన్ని. అంకె కళ్లకి కనిపిస్తే మనిషికి పట్టుదల వస్తుంది. ఆ తర్వాత ఆయనే నన్ను పిలిచి అంకె ఎంతుందో అడగడం మొదలుపెట్టారు. 2021లో ఆరు దేశాల్లో 1,100 మందికి పైగా పేషెంట్లతో చేసిన పరిశోధనలో, ట్యూబు పడటమో మరణమో సంభవించినవాళ్లు మామూలు వైద్యంలో 46 శాతం, బోర్లా పడుకున్నవాళ్లలో 40 శాతం. ట్యూబు అవసరం తగ్గడమే ఇందులో అసలు లాభం, మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి కదా.

ఇక వేలికి పెట్టే ఆక్సిమీటర్. దాని వెనకున్న సూత్రం జపాన్‌కి చెందిన తకువో అవోయాగి అనే ఇంజినీరుది, 1974 నాటిది. ఆయన 2020 ఏప్రిల్‌లో, సరిగ్గా ప్రపంచమంతా ఆ పరికరం కోసం వెతుకులాడుతున్నప్పుడు కన్నుమూశారు. అప్పటిదాకా ఆపరేషన్ థియేటర్లో, వార్డుల్లో ఉండే వస్తువు ఒక్కసారిగా ఇళ్లలోకి వచ్చింది. కరోనాలో ఒక వింత ఉండేది, మనిషి ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతుంటాడు, శాచురేషన్ చూస్తే 80. ఆయాసం తెలిసేలోపు పరిస్థితి చెయ్యి దాటేది. అందుకని ఇంగ్లండ్‌లో పేషెంట్లకి ఆక్సిమీటర్ ఇచ్చి ఇంటికి పంపి, రోజూ ఫోన్ చేసి అంకెలు రాసుకునే పద్ధతి పెట్టారు. 95, ఆపైన ఉంటే ఇంట్లోనే ఉండొచ్చు. 93, 94 అయితే ఫోన్ చేయాలి. 92గానీ అంతకంటే తక్కువగానీ ఉంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. మూడే గీతలు. ఎవరికైనా అర్థమవుతాయి.

ఆ పద్ధతే పెరిగి ఇప్పుడు వర్చువల్ వార్డు అయింది. ఇంగ్లండ్‌లో 2023 నాటికి అలాంటి 'మంచాలు' 10,000 దాటాయి. ఇంట్లో తన మంచం మీదే పడుకున్న పేషెంటుని వార్డు పేషెంటులాగే రోజూ చూసుకోవడం అన్నమాట. గుండె బలహీనపడ్డవాళ్లకి, ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్నవాళ్లకి ఇది నిజంగా బాగుంటుంది. ముసలివాళ్లని ఆసుపత్రిలో పెడితే జబ్బు తగ్గేలోపు కాళ్లలో సత్తువ పోతుంది, రాత్రిళ్లు ఎక్కడున్నారో తెలియక కలవరిస్తారు. నేను రోజూ చూస్తున్నదే. కాకపోతే ఇంట్లో చూసుకునే మనిషి ఉండాలి. కోడలో కూతురో ఉద్యోగం మానుకుని కూర్చుంటే ఆ ఖర్చు ఏ లెక్కల్లోనూ కనిపించదు.

ఆక్సిమీటర్ గురించి ఇంకొకటి ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. అది వేలిలోంచి ఎర్రటి కాంతిని, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపి, రెండింటిలో ఎంతెంత అవతలికి వచ్చిందో చూసి లెక్క కడుతుంది. చర్మంలో రంగు ఎక్కువగా ఉంటే ఆ లెక్క తప్పే అవకాశం పెరుగుతుంది. 2020 డిసెంబరులో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, ఆక్సిమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నప్పుడు రక్తం తీసి పరీక్షిస్తే అసలు విలువ 88 కంటే తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. చామనఛాయ మనుషులం మనమూ దీన్ని పట్టించుకోవాలి. నేను మా పిల్లలకి చెప్పేది ఇదే: చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టు, గోళ్లరంగు ఉంటే తుడిచెయ్, నాడి గీత నిలకడగా వచ్చేదాకా ఆగు. ఒక్క అంకెని చూసి నిర్ణయించకు, పొద్దున ఎంతుంది ఇప్పుడెంతుంది అని చూడు. అన్నిటికంటే ముందు మనిషిని చూడు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడా, మెడ కండరాలు లాగుతున్నాయా? మిషను 96 అన్నా సరే, నేను డాక్టర్ని పిలుస్తాను.

మందుల సంగతికి వస్తే, కరోనాలో వచ్చిన అసలైన కొత్తదనం మందుల్లో లేదు, మందుని పరీక్షించే పద్ధతిలో ఉంది. ఆక్స్‌ఫర్డ్ నుంచి పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే నడిపిన రికవరీ ట్రయల్ 2020 మార్చిలో మొదలై జూన్ 16 కల్లా జవాబు చెప్పేసింది. డెక్సామెథసోన్, 1950ల నాటి చవక స్టెరాయిడ్, రోజుకి 6 మిల్లీగ్రాములు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి మాత్రం లాభం లేదు, పైగా చెడు జరగొచ్చన్న అనుమానం. ఈ రెండో సగం చాలామంది చెవికెక్కించుకోలేదు. జ్వరం రాగానే ఇంట్లో స్టెరాయిడ్ మింగి, షుగర్ ఆకాశానికంటి మా దగ్గరికి వచ్చినవాళ్లని చూసి తిట్టాలో జాలిపడాలో తెలిసేది కాదు. అదే ట్రయల్ మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకి పనిచేయదని తేల్చింది, కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసిన ప్లాస్మా ఎక్కించడం వల్ల ఉపయోగం లేదని తేల్చింది. ప్లాస్మా కోసం జనం ఎంత ఏడ్చారో, ఎంతమంది కాళ్లు పట్టుకున్నారో గుర్తుంటే ఈ మాట విలువ తెలుస్తుంది.

అంత తొందరగా ఎలా చేశారంటే, కాగితాలు తగ్గించారు. మామూలుగా ట్రయల్ అంటే మాకు భయం. ఫైలు నిండా ఫారాలు, వాటిని నింపేది చివరికి నర్సులే. రికవరీలో పేషెంటుని చేర్చడానికి చిన్న ఆన్‌లైన్ ఫారం, మనిషి కోలుకున్నాడా పోయాడా అని తెలిపేందుకు ఇంకొకటి, మిగతా సమాచారం ఆసుపత్రి రికార్డుల నుంచే లాక్కున్నారు. మామూలు వార్డులో, మామూలు సిబ్బందితో జరిగింది కాబట్టే వేలమంది చేరారు. ఆ ట్రయల్ తర్వాత ఫ్లూ మీద, మామూలు న్యుమోనియా మీద కూడా సాగింది. రీమాప్ క్యాప్ అనే ఇంకో ట్రయల్ ఉంది. అది 2016 నుంచే న్యుమోనియా మీద నడుస్తూ, మహమ్మారి వస్తే ఎలా మారాలో ముందే రాసిపెట్టుకుంది. 2020లో ఆ పేజీ తీసి పని మొదలుపెట్టారు, అంతే.

నిబంధన ఒక్కటి సడలించడం వల్ల ఎంత మారుతుందో చెప్పడానికి నేనెప్పుడూ మెథడోన్ ఉదాహరణ చెబుతాను. హెరాయిన్ లాంటి వాటికి అలవాటుపడినవాళ్లకి వైద్యంగా ఇచ్చే మందు అది. అమెరికాలో చాలామంది దాన్ని దాదాపు రోజూ క్లినిక్‌కి వెళ్లి, సిబ్బంది కళ్లముందే తాగాల్సి వచ్చేది. రోజూ పొద్దున్నే క్యూలో నిలబడాల్సిన మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు? 2020 మార్చిలో, నిలకడగా ఉన్నవాళ్లకి 28 రోజులది, అంత నిలకడ లేనివాళ్లకి 14 రోజులది ఇంటికి ఇవ్వొచ్చని అనుమతించారు. ఇంటికిస్తే అనర్థం జరుగుతుందని దశాబ్దాలుగా ఉన్న భయం. ఆ భయపడ్డంత ఉపద్రవం రాలేదు. 2024లో ఆ వెసులుబాటుని శాశ్వతం చేశారు. పేషెంటుని నమ్మడం కూడా ఒక వైద్య పద్ధతేనని ఒప్పుకోవడానికి మహమ్మారి కావాల్సి వచ్చింది!

ఫోన్‌లో, వీడియోలో డాక్టర్ని చూపించుకోవడం గురించి అందరూ రాశారు కాబట్టి ఎక్కువ చెప్పను. నా లెక్క ఇది. మొదటిసారి చూపించుకునేటప్పుడు ఎదురుగా కూర్చోవాలి. రిపోర్టులు చూపించడానికి, మందు డోసు మార్చడానికి, కుట్లు ఎలా ఉన్నాయో అడగడానికి ఫోన్ చాలు. మనిషి తలుపు తోసుకుని కుర్చీ దాకా నడిచి వచ్చే తీరులోనే సగం రోగనిర్ధారణ అయిపోతుంది, కెమెరాలో అది దొరకదు. చీలమండ వాపు దొరకదు. పుండు వాసన అసలే దొరకదు. వినికిడి తగ్గినవాళ్లకి ఫోన్ చేసి "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నానమ్మా" అంటారు. వాళ్లు ప్రశ్న వినిపించుకుని అన్నారో, మర్యాదకి అన్నారో ఎలా తెలుస్తుంది?

మురుగునీటి పరీక్ష మా వార్డు సంగతి కాదు గానీ చెప్పకుండా ఉండలేను. నెదర్లాండ్స్‌లో గెర్ట్‌యాన్ మెడెమా బృందం 2020 మార్చి మొదట్లో అమెర్స్‌ఫోర్ట్ ఊరి మురుగునీటిలో వైరస్ జాడ కనిపెట్టింది. ఆ ఊళ్లో మొదటి కేసు బయటపడకముందే! ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టకుండా, ఎవరి పేరూ అడగకుండా ఊరు మొత్తాన్నీ ఒకేసారి పరీక్షించినట్టు. ఇదీ కొత్తదేం కాదు, పోలియో వైరస్ కోసం ఎన్నో దశాబ్దాలుగా చేస్తున్నదే. కరోనాతో ఆ ప్రయోగశాలలు, సిబ్బంది పెరిగారు. 2022లో లండన్ మురుగునీటిలో పోలియో వైరస్ దొరికితే, ఒక్క బిడ్డకీ కాలు పడిపోకముందే అక్కడి పిల్లలకి అదనపు టీకా వేశారు.

ఇప్పుడు నాకు మింగుడుపడని సంగతి. కరోనాలో బంధువుల్ని లోపలికి రానివ్వలేదు, కాబట్టి ట్యాబ్ పట్టుకుని వీడియో కాల్ చేయించేవాళ్లం. ప్లాస్టిక్ కవరులో చుట్టిన ట్యాబ్‌ని పేషెంటు చెవి దగ్గర పట్టుకుని, అవతల కూతురు మాట్లాడుతుంటే నేను కళ్లు పక్కకి తిప్పుకునేదాన్ని. దూరంగా ఉన్న కొడుకులు, కూతుళ్లకి ఇప్పటికీ అలా చూపిస్తున్నాం, చాలా మంచి అలవాటు. కానీ నేనప్పుడు పనిచేసిన చోట, కరోనా తగ్గాక కూడా సందర్శన వేళలు పూర్వంలా కాలేదు. "వీడియో కాల్ ఉందిగా" అన్నారు. గేటు దగ్గర కూర్చున్న భార్యకి వీడియో కాల్ ఎందుకండీ? ఆవిడ పది అడుగులు వేస్తే భర్త చెయ్యి పట్టుకుంటుంది. ఐసీయూలో కలవరింత మొదలైన పేషెంటుకి తెలిసిన గొంతు, తెలిసిన చెయ్యి చేసే మేలు మాకు తెలుసు. లేనప్పుడు ఆదుకున్న ఏర్పాటుని, ఉన్నప్పుడు అడ్డం పెట్టడం అన్యాయం. అక్కడున్నన్నాళ్లూ ఈ విషయంలో పోట్లాడాను. కొంత పెంచారు, పూర్తిగా కాదు.

దానికి పక్కనే ఒక చిన్న సంగతి. నిండా కప్పుకున్న మాలో ఎవరు ఎవరో పేషెంట్లకి తెలిసేది కాదు. ఎబోలా సమయంలో లైబీరియాలో మేరీ బెత్ హెఫర్నన్ అనే కళాకారిణి, సిబ్బంది నవ్వుతున్న ఫొటోలు తీసి రక్షణ దుస్తుల మీద అంటించింది. 2020లో అది మళ్లీ బయటికి వచ్చింది. మేమూ ఫొటో ప్రింట్ తీసి, కింద పేరు పెద్దక్షరాలతో రాసి అంటించుకున్నాం. "ఓ, మీరేనా రాత్రి మాట్లాడింది!" అని ఎంతమంది అన్నారో. ఇప్పుడు కవచాలు లేవు, పెద్దక్షరాల పేరు మాత్రం ఉంచుకున్నాను. పేషెంట్లకే కాదు, అత్యవసరంలో పరుగెత్తుకొచ్చిన డాక్టరుకి కూడా పనికొస్తుంది. "సిస్టర్, మీరు" అని గాల్లోకి వేలు చూపించే బదులు పేరు పెట్టి చెబుతారు, ఆ పని అవుతుంది.

చివరికి గాలి. పాతదై ఉండి, పనిచేస్తుందని తెలిసి, తలుపు తెరుచుకున్నాక కూడా మిగలనిది ఇదొక్కటే. విలియం వెల్స్ అనే శాస్త్రవేత్త 1930ల చివర్లోనే ఫిలడెల్ఫియా ప్రాంతపు స్కూళ్లలో గది పైభాగంలో, గాలిలోని క్రిములని చంపే అతినీలలోహిత దీపాలు పెట్టించాడు. 1941లో తట్టు వ్యాపించినప్పుడు ఆ గదుల్లోని పిల్లల్లో తక్కువమందికే సోకింది. 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంథాల్ అనే ఇద్దరు, ఒక చదరపు ఫ్యానుకి నాలుగు ఫిల్టర్లు పెట్టెలా అతికించి టేపు చుడితే మంచి గాలిశుద్ధి యంత్రం అవుతుందని చూపించారు. స్కూలు పిల్లలు కూడా చేసేశారు. గదిలో గాలి ఎంత నిలవైపోయిందో చెప్పే కార్బన్ డయాక్సైడ్ మీటర్లు వచ్చాయి. మా నర్సుల గదిలోనూ ఒకటి పెట్టారు. షిఫ్ట్ మారే వేళ అందరం గుమిగూడి హ్యాండోవర్ ఇచ్చుకుంటుంటే అంకె చూస్తుండగానే వెయ్యి దాటేది. ఎవరో ఒకరు లేచి తలుపు తీసేవాళ్లు. తర్వాత ఎప్పుడో ఫోన్ ఛార్జర్ పెట్టుకోవడానికి దాని ప్లగ్ పీకారు, అంతే సంగతులు.

ఎందుకు మిగల్లేదా అని చాలాసార్లు ఆలోచించాను. పేషెంటుని బోర్లా తిప్పితే కాసేపట్లో అంకె పెరుగుతుంది, మాకు ఉత్సాహం వస్తుంది. గాలి బాగుచేస్తే ఏం కనిపిస్తుంది? జబ్బు పడనివాడు వచ్చి థాంక్స్ చెప్పడు. పైగా మంచానికి సిస్టర్ ఉంది, మందుకి డాక్టర్ ఉన్నాడు, మిషనుకి టెక్నీషియన్ ఉన్నాడు. గాలి ఎవరి డ్యూటీ? ఏసీ బాగుచేసేవాళ్లని అడిగితే చల్లగా ఉందా లేదా అన్నదే మా పని అంటారు. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్లని అడిగితే బిల్డింగ్ వాళ్లని అడగమంటారు. పోయిన నెల మళ్లీ ఒక అర్జీ రాశాను: వెయిటింగ్ హాల్లోనూ, మా హ్యాండోవర్ గదిలోనూ ఫిల్టర్లు పెట్టండి, ఫలానా మనిషి వాటికి బాధ్యుడని కాగితం మీద రాయండి అని. ఫిల్టర్ల గురించి కొటేషన్లు తెప్పిస్తామన్నారు. బాధ్యుడి పేరు రాయాల్సిన గడి ఖాళీగానే తిరిగొచ్చింది. వచ్చే మీటింగ్‌లో అది నింపించాలి, కుదరకపోతే నా పేరే రాసి ఇచ్చేస్తాను.